చిప్పు లోపలే నీళ్ళు పారిస్తే? (ల్యాప్‌టాప్ వేడి గురించి మొదలై ఎక్కడికో పోయింది)

మద్దిలపాలెం_కుర్రాడు · శనివారం, మధ్యాహ్నం 2:40

అందరికీ నమస్కారం. నాది మెకానికల్ మూడో సంవత్సరం. ల్యాప్‌టాప్ కొని రెండేళ్ళు దాటింది. సిమ్యులేషన్ ఏదైనా రన్ చేస్తే పది నిమిషాల్లో ఫ్యాను హోరెత్తిపోతుంది. 97 డిగ్రీలు చూపిస్తుంది, ఆ వెంటనే స్పీడు సగానికి పడిపోతుంది. మొన్న మధ్యాహ్నం ఉక్కపోతకి నేనూ అదీ ఒకేసారి చెమటలు పట్టి కూర్చున్నాం. మా అమ్మ వచ్చి చెయ్యి పెట్టి చూసి, "దీని మీద అట్టు పోసుకోవచ్చురా" అంది.

నా సందేహం ఇది. కారు ఇంజన్‌కి బ్లాకు పోత పోసేటప్పుడే లోపల నీళ్ళు తిరిగే దారులు వదిలేస్తారు. బయట నుంచి ఫ్యాను ఊది సరిపెట్టరు. మరి ప్రాసెసర్‌ని కూడా తయారీలోనే అలా చెయ్యొచ్చు కదా? సిలికాన్ లోపలే సన్న దారులు పెట్టేసి నీళ్ళు పంపితే ఈ రాగి గొట్టాలు, ఫ్యాన్లు, చిప్పుకీ రాగికీ మధ్య పూసే పేస్టు గోల ఉండదు. ఎవరూ ఎందుకు చెయ్యలేదు?

డాబాగార్డెన్స్_స్క్రూడ్రైవర్ · 2:58

తమ్ముడూ, ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా వెనక మూత విప్పావా? ఇలాంటివి రోజుకి నాలుగైదు వస్తాయి నా బల్ల మీదకి. విప్పితే ఫ్యానుకీ రేకులకీ మధ్య దూది పరుపు. ముందు అది చూడు. చిప్పులో కాలువలు తర్వాత తవ్వుకుందువు గాని.

ఎందుకండీ · 3:15

కరెంటు ఉన్న చోట నీళ్ళా! మా ఇంట్లో గీజరు ఒకసారి షాక్ కొట్టినప్పటి నుంచి నేను తడి చేత్తో స్విచ్చు ముట్టను. నేను కామర్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, తప్పుగా అడిగితే తిట్టకండి.

మైక్రాన్ · 4:32

తిట్టేదేముందండీ, అందరికీ మొదట వచ్చే అనుమానమే అది. చిప్పు ప్యాకేజింగ్ నా పని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. విశాఖ సీతమ్మధారలో పుట్టి పెరిగి ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను, ఈ వేదికకి వస్తే ఊరికి వచ్చినట్టుంటుంది, అందుకే పొడుగు.

ముందు షాక్ సంగతి. ఇప్పటి ప్రాసెసర్లలో ట్రాన్సిస్టర్లు సిలికాన్ ముక్కకి ఒక వైపే ఉంటాయి. ఆ వైపుని కిందకి బోర్లా వేసి బోర్డుకి అతికిస్తారు. కరెంటు, సిగ్నళ్ళు అన్నీ ఆ కింద వైపు నుంచే. పైకి కనిపించే వీపు అంతా ఉత్త సిలికాన్. ముక్క మందం ముప్పాతిక మిల్లీమీటరు ఉంటే, అసలు పని చేసే పొర అందులో కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మిగతాదంతా పీట లాంటిది. కాలువలు చెక్కేది ఆ పీటలో. నీళ్ళకీ కరెంటుకీ మధ్య సిలికాన్ గోడ ఉంటుంది.

ఇక "ఎవరూ ఎందుకు చెయ్యలేదు" అన్నది. చేశారు తమ్ముడూ, నువ్వూ నేనూ పుట్టకముందే. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు సిలికాన్ వీపున 50 మైక్రాన్ల వెడల్పు, 300 మైక్రాన్ల లోతు గాడులు చెక్కి నీళ్ళు పంపారు. మన తల వెంట్రుక మందమే 70 మైక్రాన్లు అటూ ఇటూ ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి 790 వాట్ల వేడిని ఆ గాడులు లాగేశాయి. లోపలికి వచ్చే నీటి కంటే చిప్పు 71 డిగ్రీలే ఎక్కువ వేడెక్కింది. 790 అంటే ఎంతో తెలియాలంటే ఇస్త్రీ పెట్టె తీసుకోండి. వెయ్యి వాట్ల పెట్టె అడుగు భాగం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరానికి 5 వాట్లు. దానితోనే చొక్కా కాలుతుంది.

గాడి ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే నీళ్ళు వేడిని మోయడంలో దిట్ట గాని తనలో నుంచి వేడిని పాకనివ్వడంలో మొద్దు. వెడల్పు గొట్టంలో గోడకి ఆనుకున్న నీళ్ళు మాత్రమే వేడెక్కుతాయి, మధ్యలోవి చల్లగా వచ్చి చల్లగానే పోతాయి. గాడిని వెంట్రుకంత చేస్తే మధ్య అనేదే ఉండదు, ప్రతి చుక్కా గోడకి ఆనుకునే ఉంటుంది.

మద్దిలపాలెం_కుర్రాడు · 4:50

1981!! మరి నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు లేదక్కా?

స్క్రూడ్రైవర్ అన్నా, స్టార్ స్క్రూ ఉంది, సరిపోయే డ్రైవర్ లేదు. రేపు చూస్తా.

పాత_ఫర్నేసు · 6:10

ఏటి బాబూ, మీరు మాట్లాడేది వింటుంటే మా బ్లాస్ట్ ఫర్నేసు గుర్తొస్తోంది. ముప్ఫై ఏళ్ళు దాని పక్కన గడిపినవాణ్ణి. ఇప్పుడు కూర్మన్నపాలెంలో మనవడికి లెక్కలు చెప్పుకుంటున్నాను.

లోపల 1,500 డిగ్రీల్లో ఇనుము కరుగుతూ ఉంటుంది. బయట ఉక్కు తొడుగు కరగకుండా లోపలి వైపు గోడంతా స్టేవ్ అనే పలకలు బిగిస్తారు. పాత రకం పోత ఇనుము పలకలో ఉక్కు గొట్టాలు పెట్టి చుట్టూ ఇనుము పోసేస్తారు. చూడ్డానికి గొట్టం పలకలోనే ఉంది కదా, ఇంక కావలసిందేముంది అనిపిస్తుంది. కాని పోసేటప్పుడు ఇనుములోని కార్బన్ గొట్టంలోకి ఎక్కకుండా గొట్టానికి ఒక పూత పూస్తారు. ఆ పూత, దాని పక్కన ఏర్పడే వెంట్రుకంత సందు, ఈ రెండే వేడికి అడ్డం. గొట్టంలో నీళ్ళు ఎంత జోరుగా పంపినా పలక ముఖం మాత్రం కాలుతూనే ఉంటుంది.

తర్వాత రాగి స్టేవ్‌లు వచ్చాయి. వాటిలో గొట్టమే ఉండదు. రాగి దిమ్మలోనే తొలిచి నీటి దారి చేస్తారు. లోహానికి నీరు నేరుగా తగులుతుంది. ఆ ఒక్క మార్పుతో పలక ముఖం ఎంత చల్లబడిందంటే కరిగిన మడ్డే దాని మీద గడ్డకట్టి, పలకని కాపాడే తొడుగు అయిపోతుంది.

అమ్మా మైక్రాన్, మీ చిప్పులో కూడా కథ ఇదేనా? అసలు తగాదా నీళ్ళతో కాదు, మధ్యలో పొరతో?

మైక్రాన్ · 7:05

గురువుగారూ, నేను రెండు పేజీలు రాసి చెప్పలేనిది మీరు రెండు ముక్కల్లో చెప్పేశారు. సరిగ్గా అదే.

డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో వేడి దారి చూడండి. సిలికాన్, దాని మీద పేస్టో టంకమో, దాని మీద రాగి మూత, మూత మీద మళ్ళీ పేస్టు, ఆపైన హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రేకుల దిమ్మ) లేదా నీళ్ళు తిరిగే రాగి దిమ్మ. వేడిని పాకనిచ్చే గుణం రాగికి 400, సిలికాన్‌కి 150 దాకా ఉంటే, మంచి పేస్టుకి కూడా 10 చుట్టుపక్కలే. రాగి ఎంత గొప్పదైనా మధ్యలో రెండు పేస్టు పొరలు అరకు చలిలో కప్పుకునే రగ్గుల్లా కూర్చుంటాయి. పైన నీళ్ళు పెట్టినా, ఐసు పెట్టినా రగ్గు రగ్గే. నీళ్ళని సిలికాన్‌లోకే తెస్తే రగ్గులు రెండూ పోతాయి.

ఇప్పుడు "నా దాంట్లో ఎందుకు లేదు" అన్నదానికి వస్తాను. అవసరం పడలేదు, అంతే. 80ల్లో, 90ల్లో ట్రాన్సిస్టరు చిన్నదైన కొద్దీ వోల్టేజీ కూడా తగ్గుతూ వచ్చింది కాబట్టి చదరానికి వేడి పెద్దగా పెరగలేదు. 2004, 2005 నాటికి ఆ లెక్క తప్పింది. ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసర్ స్పీడు 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. చల్లార్చే పద్ధతి మార్చి ముందుకు పోవచ్చు, లేదా స్పీడు పెంచడం మానేసి కోర్లు (చిప్పులో లెక్కలు చేసే భాగాలు) పెంచుకోవచ్చు. పరిశ్రమ రెండోది ఎంచుకుంది, అది చవక. సిలికాన్‌లో నీళ్ళ ఆలోచన మళ్ళీ ప్రయోగశాలకే పరిమితమైంది.

ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఏఐ పనులకి వాడే ఎన్విడియా హెచ్100 చిప్పు ఒక్కటే 700 వాట్లు తాగుతుంది, దాని సిలికాన్ 814 చదరపు మిల్లీమీటర్లు. వేడంతా ఆ ముక్కదే అనుకుంటే చదరపు సెంటీమీటరుకి 86 వాట్లు. ఇస్త్రీ పెట్టెకి పదిహేడు రెట్లు. అదీ సగటు. లెక్కలు తెగ చేసే మూలల్లో ఇంకా ఎక్కువ.

డాబాగార్డెన్స్_స్క్రూడ్రైవర్ · 7:40

మేడమ్, ఒక చిన్న సవరణ. ల్యాప్‌టాప్ చిప్పులకి ఆ రాగి మూత ఉండదు. ముక్క నేరుగా కనిపిస్తుంది, ఒక్క పేస్టు పొరే. ఆ ఒక్కటీ ఎండి పెళుసైపోయి, వేడికి చల్లకి సాగి ముడుచుకుని అంచులకి జరిగిపోతుంది. నేను విప్పే వాటిలో మధ్యలో ముక్క బోసిగా ఉంటుంది, చుట్టూ పేస్టు గడ్డ. కుర్రాడి 97 డిగ్రీల్లో సగం పాపం దానిదే అని నా పందెం.

కాని నా అసలు మాట వేరే. 50 మైక్రాన్ల కాలువ అంటున్నారు. మన కుళాయి నీళ్ళు పోసిన బిందెకి నెల తిరిగేసరికి తెల్ల చార పడుతుంది. ఆ సున్నం ఒక పొర పడితే మీ కాలువ మూసుకుపోదా? మూసుకుపోతే ఎవరు బాగు చేస్తారు? ఇవాళ ఫ్యాను పోతే ఆరు వందలకి మార్చి ఇస్తున్నాను. రేపు కాలువ పూడితే చిప్పు మొత్తం చెత్తబుట్టే. రిపేరు అనే మాట లేకుండా చెయ్యడానికి కంపెనీలకి ఇదో కొత్త దారి దొరికింది అనిపిస్తోంది నాకు.

పాత_ఫర్నేసు · 8:02

సున్నం గురించి అబ్బాయి చెప్పింది నిజం. మేం స్టేవ్‌లకి మామూలు నీళ్ళు పోసేవాళ్ళం కాదు. లవణాలు తీసేసిన నీళ్ళు, మూసిన చుట్టులో, అవే నీళ్ళు తిరుగుతాయి. లోపలికి ఎంత పోతోంది, బయటికి ఎంత వస్తోంది, రెండు మీటర్లు. తేడా వచ్చిందంటే ఎక్కడో కారుతోందని. ఏ రాత్రయినా మేం ముందు చూసేది ఆ రెండు ముళ్ళే.

మైక్రాన్ · 9:20

స్క్రూడ్రైవర్ గారూ, మీ అనుమానంలో మొదటి సగానికి జవాబు ఉంది, రెండో సగానికి నా దగ్గర జవాబు లేదు, మీతో ఒప్పుకుంటున్నాను.

మొదటి సగం: గురువుగారు చెప్పినట్టే మూసిన చుట్టు, శుద్ధి చేసిన నీళ్ళు, తుప్పు పట్టకుండా మందు, సన్న ఫిల్టర్లు. పైగా దారిలో రాగి ఉండి, ఇంకోచోట అల్యూమినియం ఉంటే రెండు లోహాల మధ్య అదే బ్యాటరీలా మారి తినేసుకుంటాయి. కాబట్టి నీళ్ళు తగిలే ప్రతి లోహాన్నీ ముందే చూసి ఎంచుకోవాలి. ఇవన్నీ డేటా సెంటరులో చేస్తారు, చెయ్యగలరు. అక్కడ మనుషులుంటారు, మీటర్లుంటాయి. ల్యాప్‌టాప్‌లో ఎవరు చూస్తారు? అందుకే నా అభిప్రాయం సూటిగా: కుర్రాడి ల్యాప్‌టాప్‌లోకి ఇది రాదు. రావలసిన అవసరమూ లేదు. 45 వాట్లకి రాగి గొట్టం, ఫ్యాను చాలు.

బాగుచేయడం గురించి మీరన్నది నిజమే. చిప్పు, కాలువ, అతుకు ఒకే వస్తువైపోతే ఒకటి పాడైతే మూడూ పోతాయి. పరిశ్రమ ఇన్నాళ్ళు జంకిందీ ఇందుకే. సిలికాన్ ఒకరు చేస్తారు, ప్యాకేజీ ఇంకొకరు చేస్తారు, సర్వరు మూడోవారు బిగిస్తారు. నీళ్ళు కారితే తప్పు ఎవరిది? లక్షల ఖరీదు చేసే చిప్పు విషయంలో ఆ తగువు ఎవరూ నెత్తిన వేసుకోలేదు.

ఎందుకండీ · 9:31

ఇది మాత్రం నాకు బాగా అర్థమైంది. ఉమ్మడి గోడ కారితే పక్క ఫ్లాటువాళ్ళతో మాకు ఉన్న తగువు ఇదే.

మద్దిలపాలెం_కుర్రాడు · ఆదివారం, ఉదయం 7:15

రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. నా ప్రాసెసర్ 45 వాట్లు. సెకనుకి ఒక మిల్లీలీటరు నీళ్ళు పంపితే, నీటి విశిష్టోష్ణం 4,180తో భాగిస్తే 0.01 డిగ్రీ. అంటే నీళ్ళు అసలు వేడెక్కవు! ఇంత తేలికైతే ఎందుకు చెయ్యరు?

ఉప్పుగాలి · 8:05

తమ్ముడూ, 4,180 అన్నది కిలోకి. నువ్వు పంపింది గ్రాము. 4.18తో భాగించు, 10.8 డిగ్రీలు వస్తుంది. పరీక్షలో ఇలా చెయ్యకు.

అయినా తప్పుపట్టడానికి రాలేదు. నేను పెద్ద భవనాల ఏసీ ప్లాంట్ల పని చేస్తాను, సముద్రం ఒడ్డున ఇరవై ఏళ్ళుగా. ఇక్కడ అందరూ చిప్పు ఎంత చల్లబడుతుంది అనే మాట్లాడుతున్నారు. అక్కడే పప్పులో కాలేస్తున్నారు. చిప్పులో నుంచి తీసిన వేడి మాయం అవదు. ఆ 700 వాట్లూ ఎక్కడో ఒకచోట బయట పారబోయాలి. నా ఉద్యోగమంతా ఆ పారబోతే.

మామూలు పద్ధతిలో సర్వరు గదికి 7 నుంచి 12 డిగ్రీల నీళ్ళు పంపుతాం. మన ఊరి గాలి జనవరి తెల్లవారుజామున కూడా 7 డిగ్రీలకి దిగదు. అంటే కంప్రెసర్ పెట్టి చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే యంత్రం) నడపాల్సిందే, 365 రోజులూ. ఆ చిల్లర్ వేడిని కూలింగ్ టవర్‌లో నీళ్ళు ఆవిరి చేసి పంపుతాం. మన ఊరి గాలి ముందే తేమతో నిండి ఉంటుంది కాబట్టి అనంతపురంలో పనిచేసినంత చక్కగా ఇక్కడ టవర్ పనిచెయ్యదు. కరెంటుకి కరెంటు, నీళ్ళకి నీళ్ళు.

ఇప్పుడు మేడమ్ గారి 1981 లెక్క పెట్టండి. 790 వాట్లకి 71 డిగ్రీలు అంటే ఒక వాటుకి 0.09 డిగ్రీ. 86 వాట్లకి దాదాపు 8 డిగ్రీలు. బాగా కాలే మూలలకి ఇంకో పది పదిహేను వేసుకోండి. నేను 45 డిగ్రీల వేడినీళ్ళు ఇచ్చినా చిప్పు 70 లోపే ఉంటుంది. 45 డిగ్రీల నీళ్ళని చల్లార్చాలంటే నాకు చిల్లర్ ఎందుకు? మే నెల మధ్యాహ్నం 38 ఉన్నా గాలి దానికంటే చల్లనే. లారీ రేడియేటర్ లాంటి పెద్ద రేకుల వరస, ఫ్యాన్లు పెడితే చాలు. ఒక్క చుక్క ఆవిరి అవదు.

చిప్పుని చల్లగా ఉంచడం కాదు దీని గొప్ప. వేడి నీళ్ళతోనే చల్లార్చగలగడం.

ఎందుకండీ · 8:40

వేడినీళ్ళతో చల్లార్చడమా? ఆదివారం పొద్దున్నే ఏమిటండీ ఇది.

ఉప్పుగాలి · 8:52

జ్వరంతో 103 ఉన్న పిల్లాడికి గోరువెచ్చని నీళ్ళ గుడ్డ పెట్టి ఒళ్ళు తుడవరా మాస్టారూ? వాడికంటే చల్లగా ఉంటే చాలు.

ఇది నా ఊహ కాదు. 2010లో ఐబీఎం, జూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయం కలిసి అక్వాసర్ అని ఒక సూపర్ కంప్యూటర్ కట్టాయి. దానికి 60 డిగ్రీల నీళ్ళు ఇచ్చి, బయటికి వచ్చే ఇంకా వేడి నీళ్ళతో భవనాలు వెచ్చబెట్టుకున్నారు. 2012లో మ్యూనిక్ దగ్గర సూపర్‌మక్ అనే ఇంకో సూపర్ కంప్యూటర్ 45 డిగ్రీల నీళ్ళతో నడిచింది. ఆ రెండిట్లో నీళ్ళు చిప్పు లోపల కాదు, చిప్పు మీది రాగి దిమ్మలోనే. రగ్గు ఒకటి ఉంచుకునే అంత చేశారు.

మద్దిలపాలెం_కుర్రాడు · 9:10

అన్నా, అయితే మన విశాఖ గూగుల్ డేటా సెంటర్‌కి కూడా ఇది పనికొస్తుందా? మా క్లాసులో అందరం నీళ్ళ గురించే కొట్టుకుంటున్నాం.

ఉప్పుగాలి · 9:48

ఆ చర్చకి వేరే దారం ఉంది, ఇక్కడ రాజకీయాలు వద్దు, నిర్వాహకులు తాళం వేస్తారు. లెక్క మాత్రం చెబుతా. 2025 అక్టోబరులో ప్రకటించినది ఒక గిగావాట్ స్థాయి, అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు. ఆ కేంద్రం సంగతి పక్కన పెట్టి భౌతిక శాస్త్రం చూడు. ఒక మెగావాట్ వేడిని మొత్తం ఆవిరి మీదే పంపితే రోజుకి సుమారు 36,000 లీటర్లు పోతాయి. ఒక గిగావాట్ అయితే 3.6 కోట్ల లీటర్లు. అదే వేడిని పొడి రేకులతో గాలిలోకి పంపితే సున్నా. కాకపోతే రేకులు ఎకరాలకొద్దీ కావాలి, ఫ్యాన్లకి కరెంటు కావాలి. నీళ్ళ బిల్లు పోయి కరెంటు బిల్లు, స్థలం బిల్లు వస్తాయి.

ఇంకోటి, పుస్తకాల్లో రాయరు. మన ఒడ్డున అల్యూమినియం రేకులు రెండు మూడేళ్ళలో తెల్ల పొడి రాలుస్తాయి. వేలితో నొక్కితే బిస్కెట్‌లా విరుగుతాయి. నా పేరు ఊరికే పెట్టుకోలేదు. పూత వేసిన రేకులు తీసుకోవాలి, లేదా ఒడ్డుకి దూరంగా కొండ వెనక కట్టుకోవాలి. ఎన్ని గొప్ప కాలువలు చెక్కినా చివరికి పనంతా బయట ఆ రేకులదే.

చోద్యం · 10:20

అంతా చదివాను. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2025లోనే చేసేశారు కదా, మూడు రెట్లు కరెంటు ఆదా అని చూశాను. మీరంతా 1981 దగ్గరే ఉన్నారు.

మైక్రాన్ · 11:35

చోద్యం గారూ, మూడు రెట్లు అన్నది కరెంటు ఆదా కాదు. ఇప్పటి రాగి దిమ్మలతో పోలిస్తే వేడిని లాగడంలో మూడు రెట్ల దాకా మెరుగు అని వాళ్ళు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. జీపీయూలో (ఏఐ లెక్కలు చేసే చిప్పులో) సిలికాన్ గరిష్ఠ ఉష్ణోగ్రత పెరుగుదల 65 శాతం తగ్గిందని కూడా చెప్పారు. పని రకాన్ని బట్టి, చిప్పుని బట్టి మారుతుందని వాళ్ళే అన్నారు. స్విట్జర్లాండ్‌లోని కొరింటిస్ అనే చిన్న కంపెనీతో కలిసి, ఆకు ఈనెల్లా కొమ్మలు కొమ్మలుగా చీలే కాలువలు గీయించారు. ఎక్కడ ఎక్కువ కాలుతుందో అక్కడికి ఎక్కువ నీళ్ళు.

అలా చీల్చడమే నాకు అన్నిటికంటే ముచ్చటగా ఉంటుంది. మా తాతగారి పొలం కాలువ శివారున ఉండేది. పై పొలాలు తడిసి, మిగిలితే మాకు. చిప్పులోనూ అంతే. ఒక చివర నుంచి ఇంకో చివరకి పొడుగ్గా గాడులు చెక్కితే, మొదట్లో ఉన్న ట్రాన్సిస్టర్లకి చల్లటి నీళ్ళు, శివారు వాటికి కాగిన నీళ్ళు. పైగా అంత సన్న గాడిలో అంత దూరం నీళ్ళు తొయ్యాలంటే పంపు చాలా గట్టిగా నెట్టాలి. గాడి సగానికి సన్నగిల్లితే తొయ్యాల్సిన జోరు సగం కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది.

2020లో లోసాన్‌లోని ఈపీఎఫ్ఎల్ విశ్వవిద్యాలయంలో మాటియోలీ బృందం దీనికి పిల్లకాలువల ఉపాయం వేసింది. పైన పెద్ద కాలువలు, వాటి నుంచి చాలా చోట్ల కిందకి దిగే దారులు, కింద సన్న బోదెలు. ఏ చుక్కా బోదెలో ఎక్కువ దూరం నడవదు, కాస్త నడిచి పైకి వచ్చేస్తుంది. చదరపు సెంటీమీటరుకి 1,700 వాట్లు లాగడానికి పంపు కోసం అర వాటు పైచిలుకు సరిపోయింది. అంతకంటే నాకు నచ్చింది ఏమిటంటే, చిప్పు చేసి తర్వాత కాలువ తవ్వలేదు. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో చేసే పరికరాన్నీ దాని కింద సిలికాన్‌లో కాలువనీ మొదటి నుంచి ఒకే బొమ్మగా గీశారు. ఊరు కట్టాక డ్రైనేజీ తవ్వడం కాదు, ప్లాను గీసేటప్పుడే గీయడం.

మామూలు లెక్కలు చేసే చిప్పు మీద ఎవరైనా చేశారా అంటే, చేశారు. 2015లో జార్జియా టెక్‌లో బాకిర్ బృందం బజారులో దొరికే 28 నానోమీటర్ల ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా లోపలి సర్క్యూట్లు మార్చుకోగల) చిప్పు వీపున నేరుగా చెక్కారు. 20 డిగ్రీల నీళ్ళు పంపితే చిప్పు 24 కూడా దాటలేదు. అదే చిప్పు గాలితో 60. 2021లో తైవాన్ చిప్పుల తయారీ కంపెనీ టీఎస్ఎంసీ కూడా సిలికాన్‌లో గాడులు పెట్టి ముక్క మొత్తం మీద 2,600 వాట్ల దాకా లాగి చూపించింది. చిప్పులు పోత పోసేవాళ్ళే చెయ్యడం అంటే ఇక ప్రయోగశాల ముచ్చట కాదని అర్థం.

పాత_ఫర్నేసు · 12:10

పిల్లకాలువ, బోదె. ఇంజనీరింగ్ కాలేజీలో ఇలా చెప్పి ఉంటే మా మనవడు బ్యాంకు ఉద్యోగానికి పోయేవాడు కాదు.

డాబాగార్డెన్స్_స్క్రూడ్రైవర్ · 1:05

మేడమ్, వీపు ఖాళీగా ఉంది కాబట్టి చెక్కుతాం అన్నారు. కాని ఈ మధ్య వచ్చే చిప్పుల్లో కరెంటుని వీపు నుంచే ఇస్తున్నారని చదివాను. మరి ఆ ఖాళీ స్థలం ఏమైంది?

మైక్రాన్ · 2:20

అబ్బ, మంచి చోట పట్టుకున్నారు! ఇంటెల్ తన 18ఏ అనే కొత్త తయారీ పద్ధతిలో చేసింది అదే. కరెంటు తీగలు ఒక వైపు, సిగ్నల్ తీగలు ఇంకో వైపు, మధ్యలో ట్రాన్సిస్టర్ల పొర. ఆ పని కోసం సిలికాన్ పీటని దాదాపు మొత్తం అరగదీసేస్తారు. వేడిని పక్కలకి పరిచే పీట పోయింది. పైన బలం కోసం ఇంకో సిలికాన్ పలక అతికిస్తారు, వేడి తీగల పొరల గుండా పాకి అక్కడికి చేరాలి. కాలువలు చెక్కితే ఆ అతికించిన పలకలో చెక్కాలి, మధ్యలో మళ్ళీ పొర. గురువుగారి పాత స్టేవ్‌కి తిరిగి వచ్చినట్టు.

అంతస్తుల చిప్పుల్లో ఇంకో తిప్పలు. ఏఎండీ 2022లో 5800ఎక్స్3డీ ప్రాసెసర్ తెచ్చినప్పుడు మెమరీ ముక్కని కోర్లున్న ముక్క నెత్తిన పెట్టింది. కోర్ల వేడి పైన అతికించిన అదనపు సిలికాన్ దాటి రావాలి కాబట్టి స్పీడు తగ్గించాల్సి వచ్చింది. 2024లో 9800ఎక్స్3డీకి వచ్చేసరికి తిరగేసింది. మెమరీ కింద, కోర్లు పైన. చల్లార్చే కొత్త యంత్రం ఏదీ లేదు, పై వాటా కింద వాటా మార్చారంతే, స్పీడు పెరిగింది. అంతస్తులు రెండే కాబట్టి అది కుదిరింది. పది అంతస్తులయితే మధ్య వాటా వాళ్ళ గతి? వాటి మధ్య నుంచి నీళ్ళు పారించడం తప్ప దారి లేదని 2008 నుంచే ఐబీఎం జూరిక్ వాళ్ళు ప్రయోగాలు చేశారు. నా లెక్కలో చిప్పు లోపలి నీళ్ళకి అసలు అవసరం అక్కడే.

చోద్యం · 2:41

మూడు రెట్ల సంగతి ఒప్పుకుంటున్నా. కాని మొత్తం సర్వరునే నూనెలో ముంచేస్తే ఈ కాలువల బాధ ఉండదు కదా?

ఉప్పుగాలి · 3:00

ముంచడం పాత పద్ధతే. 1985లో క్రే-2ని ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచే నడిపారు. ఆ రకం ద్రవాలు ప్రకృతిలో విరగవని గొడవ, తయారుచేసే 3ఎం 2025 చివరికల్లా మానేస్తానని 2022లోనే ప్రకటించింది. నూనె అయితే దొరుకుతుంది గాని నీళ్ళంత వేడి మోయదు. పైగా ఒక మెమరీ కార్డు మార్చాలంటే బజ్జీ తీసినట్టు తీసి, కారబెట్టి, తుడిచి... చేసినవాణ్ణి అడగండి. నేను చేశాను. చొక్కా పారేశాను.

నిర్వాహకులు · 3:15

డేటా సెంటర్ భూముల గురించి వచ్చిన నాలుగు పోస్టులు వేరే దారంలోకి మార్చాం. ఇక్కడ వేడి గురించే మాట్లాడుకోండి, బయట కూడా అదే ఉంది.

మద్దిలపాలెం_కుర్రాడు · రాత్రి 8:30

విప్పాను. జగదాంబ దగ్గర డ్రైవర్ కొని తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి, అమ్మ టార్చి పట్టుకుంటే విప్పాను. స్క్రూడ్రైవర్ అన్న చెప్పినట్టే దూది పరుపు. అందులో మా పిల్లి వెంట్రుకలు సగం. బ్రష్షుతో తీశాను. ఫ్యాను తిరగకుండా వేలు పెట్టి పట్టుకున్నా. పేస్టు జోలికి పోలేదు, భయం వేసింది. ఇప్పుడు అదే సిమ్యులేషన్ రన్ చేస్తే 88 దగ్గర ఆగింది, స్పీడు పడిపోలేదు.

ప్రాజెక్టు అంశం కూడా మార్చుకున్నాను. మైక్రాన్ అక్కా, పిల్లకాలువ, బోదె వెడల్పులు మారుస్తూ శివారు ఎంత వేడెక్కుతుందో సిమ్యులేషన్ చేద్దామనుకుంటున్నా. గైడ్ గారు "పంట కాలువలకి, కంప్యూటర్‌కి ఏం సంబంధం" అంటున్నారు. మీ పోస్టు చూపించొచ్చా?

మైక్రాన్ · 9:02

చూపించు. 50 మైక్రాన్లతో మొదలుపెట్టు, గ్రాములకి కిలోలకి మాత్రం కాస్త చూసుకో.

డాబాగార్డెన్స్_స్క్రూడ్రైవర్ · 9:10

88 ఇంకా ఎక్కువే. మంగళవారం సాయంత్రం ఏడు లోపు పట్రా, పేస్టు నేను వేస్తాను. పిల్లిని తేవొద్దు.